యాకయ్య మూసిన శూన్యం

మొదట కారింది శూన్యమే.
గేజు ముల్లు రాత్రంతా వణికి
తెల్లారేసరికి మొండికేసింది.
స్టీలు పాత్ర అతుకులో ఎక్కడో వెంట్రుకంత సందు;
దాంట్లోంచి ఏప్రిల్ వరంగల్ అంతా,
ఎనుమాముల యార్డు మిరపఘాటుతో సహా,
లోపలికి నడిచొస్తోంది.

మడికొండ షెడ్డు నుంచి యాకయ్యను పిలిపించాం.
పాత్ర చుట్టూ తిరిగి, గోటితో తట్టి,
"ఏముంటది మేడం దీంట్ల?" అన్నాడు.
ఏమీ ఉండదు. ఉండకూడదు.
"ఏం లేనిదాన్ని కారకుంట మూయాల్నా!"
నవ్వి, నల్లద్దం దించుకుంటూ
"మీరు అటు తిరుగుండ్రి" అన్నాడు.
తిరిగాను.
సున్నపు గోడ మీద నా నీడ నీలంగా ఎగిరెగిరి పడింది.

శూన్యం నిలిచింది.

బయట నలభై నాలుగు డిగ్రీలు.
లోపల, బొటనవేలి గోరంత కిటికీ పలక మీద
నక్షత్రాల నడుమ ఉండే చలి.
చిటికెడు ఆవిరి వదిలాం.
అణువు ఎక్కడ పడితే అక్కడే అతుక్కుంది,
పక్కకి జరగడానికి కూడా వేడి లేక.
కాజీపేట జంక్షన్‌లో ఆఖరి ప్యాసింజర్ తప్పినవాళ్లు
సంచి దింపిన చోటే ఒరిగిపోతారు చూడండి,
తలో దిక్కు కాళ్లు, మధ్య మధ్య ఖాళీలు,
అచ్చం అలాంటి మంచు.
ఎవరూ చూడని ధూళిరేణువుల మీద
ఎక్కువగా ఉండేది ఇదేనంటారు.

కాస్త వెచ్చబెడితే లేచి సర్దుకుంది.
కొత్తవాడ మగ్గం మీద దర్రీలా
పడుగూ పేకా కుదిరాయి.
స్క్రీన్ మీద గీత ఒక్కచోట పదునుగా నిక్కింది.
మళ్లీ చల్లార్చి, దీపం వెలిగించాం.

హైడ్రోజన్ దీపం. కంటికి తెలిసేది లేత గులాబీ రంగే,
పనిచేసేది మాత్రం కనిపించదు.
ఒక్కో కిరణం ఒక్కో ముడి దగ్గర ఆగి
నీటిని రెండుగా తెంపి పోతుంది.
తెగిన కొసలు మళ్లీ అంటుకుంటాయి గానీ
పాత చోట కాదు.
గీత పదును గంట గంటకీ
భుజాలు జార్చింది.
నేను క్యాంటీన్‌లో చాయ్ తాగొచ్చేలోపు
ఒక చీకటి మేఘంలో లక్షల ఏళ్లు గడిచాయి.
దర్రీ లేదు. నూలు ఉంది, అంతే.

పొద్దున డబ్బుల కోసం యాకయ్య రాలేదు.
ఫోను భార్య ఎత్తింది:
"కండ్లల్ల ఇసుక పోసినట్టున్నదట,
రాత్రంత పండలే."
సందు సన్నం. అద్దంలోంచి ఆనలేదు.
ఎత్తి, రెండు చుక్కలు కొట్టాడట
నేను గోడ చూస్తున్నప్పుడు.

వెళ్లాను. చీకటి చేసిన గదిలో
రెండు కళ్ల మీద రెండు ఆలుగడ్డ ముక్కలు.
"కారుతున్నదా మేడం?"
లేదు, చుక్క గాలి కూడా రావట్లేదు.
"నా కండ్లు కారుతున్నయ్" అని
తనే నవ్వి, నొప్పికి ఆగాడు.
ఆ మాటకు జవాబు నాకు తెలియదు.
డాక్టరు చుక్కల మందు రాశాడని చీటీ చూపించింది ఆమె.

కొంచెంసేపటికి: "మీ మంచు ఏమైంది?"
అల్లిక విడిపోయింది.
"మల్ల అల్లుకుంటదా?"
ఆ చలిలో అల్లుకోదు. వెచ్చగా ఉంటే
తెగుతూనే ఉంటుంది, కుదురుతూనే ఉంటుంది.
ఆలుగడ్డ ముక్క తిప్పి పెట్టుకుని
"గట్లనా" అన్నాడు.
కన్ను వెచ్చటిది కదా, అన్నాను. రెండు రోజుల్లో
పైపొర తనే అల్లుకుంటుంది.
చెప్పాక అనిపించింది,
ఓదార్పు కోసం ఇంత భౌతికశాస్త్రమా అని.

సాయంత్రం లాగ్‌బుక్‌లో రాశాను:
లీకు లేదు. స్ఫటికం పోయింది.
వెల్డింగు, రెండు వేల రెండు వందలు.
బిల్లు ఇంకా సంతకానికి పోలేదు.